ఒక శ్రుతి కింద

జూన్ 3

పొద్దున్నుంచీ ముసురు. పాల సెంటర్లో నలభై క్యాన్లు టెస్ట్ చేశాను. రెండింట్లో నీళ్లు. దారిలో వాన పడిందన్నాడు తెచ్చినాయన. మూత బిగించిన క్యాన్లోకి వాన ఎలా వచ్చిందని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సాయంత్రం కోళ్ల షెడ్డులో ప్రాక్టీస్. కోళ్లు పోయి పన్నెండేళ్లయినా వాన పడితే వాసన లేస్తుంది. పైన రేకుల మోత. తనకంటే రేకులే టైమింగ్‌లో ఉన్నాయన్నాడు డ్రమ్స్ వాయించే వడ్రంగి అన్న. మూడో పాట మధ్యలో మా సింగర్, కరెంటు లైన్‌మన్, మైకు దించేశాడు. ఇంత కింది శ్రుతిలో తన గొంతు పలకదట, పాట నేలమీద పాకుతోందట. ఒక శ్రుతి పెంచమన్నాడు. తీగలు బట్టలారేసుకునే తాడులా వేలాడుతున్నాయని గిటార్ మాస్టారు కూడా వంత పాడారు. ఆయన బళ్లో సైన్సు చెబుతారు. కొలత లేనిదే మాట్లాడరు.

పెంచేది లేదన్నాను. ఎందుకని అడిగారు. మొదట్నుంచీ అంతేనన్నాను.

జూన్ 4

మొదట్నుంచీ అంటే పదకొండేళ్లు. అక్క పాట, నా బేస్ గిటార్, మేనబావ డ్రమ్స్, టైలర్ గిటార్. బ్యాండ్ పేరు 'తుప్పు'. షెడ్డు గేటు చూసి అక్క పెట్టింది. ఈ తుప్పు ఎప్పుడు వదులుతుందే మీకు అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

బావ పెళ్లయ్యాక డ్రమ్స్ అమ్మేశాడు. టైలర్‌కి చూపు తగ్గింది. అక్కని సిటీలో పెద్ద బ్యాండ్ పిలిచింది. నాలుగేళ్ల కిందట, నవంబర్లో. రెండు నెలల్లో వచ్చేస్తానంది. తర్వాత పాడిన బ్యాంకు గుమాస్తాకి ట్రాన్స్‌ఫర్ అయింది. బేకరీ అతను మూడు ప్రాక్టీసులకే గొంతు పోయిందన్నాడు. లైన్‌మన్ వచ్చి ఏడాది. అందరికంటే బాగా పాడతాడు.

మొదటి ఏడాదే శ్రుతి దించింది అక్క. తన గొంతు పైకి అందడం లేదంది. తను వచ్చి మైకు పట్టుకునే రోజుకి అన్నీ తను వదిలినట్టే ఉండాలి. ఇది మిగతావాళ్లకి చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

జూన్ 9

వాన తెరిపిచ్చింది. రికార్డింగ్ ఇరవై ఎనిమిదిన. మాకిదే మొదటిది.

జూన్ 11

లైన్‌మన్ వెళ్లిపోయాడు. గొడవేమీ పడలేదు. రికార్డులో వందేళ్లు ఉండిపోయే గొంతు అలా మూలుగుతూ ఉండటం తనకిష్టం లేదన్నాడు. మైకు తనదే. వైరు చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాటన్నాడు.

"టెస్టర్ గారూ, నేను పాడుతుంటే మీరెప్పుడూ గుమ్మం వైపే చూస్తారు."

వడ్రంగి అన్న స్టిక్స్ తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిందే తుడిచాడు.

జూన్ 12

అక్కకి మెసేజ్ పెట్టాను. రికార్డింగ్ ఉంది, సింగర్ లేడు, షెడ్డు అలాగే ఉంది. ఇంకో లైను రాసి చెరిపేశాను.

జూన్ 13

రిప్లై లేదు.

జూన్ 15

అక్క శుక్రవారం వస్తోందట. పాల ఫ్యాటు రీడింగులు రెండుసార్లు తప్పు రాశాను. సూపర్‌వైజర్ నా కళ్లద్దాలు అడిగి తీసుకుని, తుడిచి, తిరిగిచ్చాడు.

జూన్ 19, శుక్రవారం

అక్క వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. అమ్మ తనని గుర్తుపట్టనట్టు నటించి నీళ్లిచ్చింది. భోజనాల దగ్గర అక్క చెప్పింది, సోమవారం పొద్దున్నే వెళ్లాలట. మంగళవారం నుంచి వాళ్ల బ్యాండ్ టూరు. రికార్డింగ్ సంగతి తను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రేపు షెడ్డుకి వస్తానంది.

జూన్ 20, సాయంత్రం 4

షెడ్డు ఊడ్చాను. తను నిలబడే చోట చాప వేశాను. ఒక్క పాట పాడినా చాలు.

జూన్ 20, సాయంత్రం 7

పాడలేదు. చాప మీద కూర్చుని నా బేస్ ఒళ్లో పెట్టుకుంది. ఒక తీగ మీటి నా వైపు చూసింది.

"ఇంకా కిందే ఉంచావేంటే? వేళ్లు ఇంకా నొప్పేనా?"

నీ గొంతు కోసమే కదా అన్నాను. అక్క తీగ మీద అరచెయ్యి పెట్టి మోత ఆపింది.

తర్వాత చెప్పింది. అప్పట్లో నా వేళ్లు పగిలి నెత్తురొచ్చేది. గుడ్డ చుట్టుకుని దాచేదాన్నట. బేస్ మానేస్తానని అమ్మతో అనడం తను విందట. తీగలు వదులైతే నొక్కడం తేలిక. అందుకని తన గొంతు అందడం లేదని బావకీ టైలర్‌కీ చెప్పింది.

"నీ కోసమని చెబితే ఆ రోజే మానేసేదానివి. నీ సంగతి నాకు తెలీదూ."

సిటీలో నాలుగేళ్లుగా మామూలు శ్రుతిలోనే పాడుతోందట. ఎప్పుడూ ఇబ్బంది లేదట.

నా ఎడమ చెయ్యి తీసుకుని వేళ్ల చివర్లు నొక్కి చూసింది. గట్టిపడ్డాయి, ఇక పర్లేదంది. బయట ఎవరిదో సైకిలు బెల్లు మోగింది. ఇద్దరం అటు చూశాం.

జూన్ 21

పొద్దున నాలుగు తీగలూ ఒక శ్రుతి పైకి బిగించాను. ఒక్కటీ తెగలేదు. తెగుతుందేమోనని పదకొండేళ్లుగా అనుకుంటున్నాను.

లైన్‌మన్ బజారు వీధిలో స్తంభం మీద ఉన్నాడు. వీధంతా కరెంటు లేదు. కింద నిలబడి పిలిచాను. వైరు బిగిస్తూనే ఉన్నాడు.

"శ్రుతి ఎక్కించాను. ఇక మీరు దిగండి."

ఇస్త్రీ కొట్టాయన, కరెంటు వచ్చాక దింపుకో తల్లీ అన్నాడు. లైన్‌మన్ పై నుంచి ఎన్ని గంటలకని అడిగాడు. రేపు ఆరింటికన్నాను. తల ఊపాడు.

జూన్ 22

మళ్లీ ముసురు. ముప్పై ఆరు క్యాన్లు. తీగల కొత్త బిగువుకి ఎడమ వేళ్లు బొబ్బలెక్కాయి, మూతలు కుడి చేత్తోనే తీశాను. సాయంత్రం ప్రాక్టీస్‌కి నలుగురం. పొద్దున ఆరుంపావు బస్సుకి అక్క వెళ్లింది.