గోడ పట్టుకున్న మనిషి

జూన్ 4

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే క్షమించాలి. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు. ఇది చదివేవాళ్ళెవరూ లేరు.

మ్యూజియంలో పని దొరికింది. తవ్వకాల దగ్గరికి వెళ్ళలేనివాళ్ళకు ఒక గదిలో వీఆర్ కళ్ళద్దాలు ఇస్తారు. పెట్టుకుంటే ఆ గోతుల్లో తిరుగుతున్నట్టే ఉంటుందట. ఒకరు తీసిచ్చాక తుడిచి ఇంకొకరికి ఇవ్వడం నా పని. ఆ తవ్వకాలకే మా ఆయన కూలికి వెళ్ళారు, పెళ్ళయిన నెలకే. ఆ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

జూన్ 9

జనం లేనప్పుడు నేనూ పెట్టుకున్నాను. మూడో గోతిలో ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఎడమ భుజం కాస్త కిందికి. తెల్ల చొక్కా వీపు మీద నీలం దారంతో కుట్టు. ఆ కుట్టు నేను వేసిందే.

ఆయనే.

జూన్ 10

ఫోన్లో ఆయన్నే అడిగాను. ఈ కళ్ళద్దాల కోసం గోతుల్ని కెమెరాతో స్కానింగ్ చేసినప్పుడు అందరినీ పైకి వచ్చేయమన్నారట. గోడ జారేలా ఉందని ఈయన రెండు చేతులతో పట్టుకుని ఉండిపోయారట. అయితే నేనూ సినిమాలో పడ్డానన్నమాట అని నవ్వారు. ఎప్పుడొస్తారంటే, వానలు పడితే పని ఆపేస్తారు అన్నారు. సిగ్నల్ పోయింది.

జూన్ 13

రోజూ చూస్తున్నాను. పొద్దున తల దువ్వుకుంటుంటే అత్తయ్య, అద్దాలు తుడవడానికి ఇంత ముస్తాబా, వాటికేమైనా కళ్ళున్నాయిటే అంది.

జూన్ 17

ఒక పెద్దాయన కళ్ళద్దాలు విసిరేసినంత పని చేశారు. లోపల దయ్యం నిలబడి ఉందేమిటమ్మా, టికెట్ కొన్నది పాతకాలపు ఇళ్ళు చూడ్డానికా, ఎవడి వీపో చూడ్డానికా అని. కంప్యూటర్ పని చూసే అక్క వచ్చి, అరే, ఈయన్నెలా వదిలేశాం, రేపు చెరిపేస్తాను అంది.



జూన్ 18

అక్క వెనక వెళ్ళి నిలబడ్డాను. ఏంటమ్మా అంది. చెరపొద్దు అన్నాను. ఎందుకంది. ఆయన మా ఆయన అన్నాను.

పగలబడి నవ్వింది. దయ్యానికి పెళ్ళాం కూడా ఉందా, ముందే చెప్పొద్దూ అంది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా గోడ సంగతి చెప్పేశాను. నవ్వు ఆపి, ఒకసారి చెరిపి చూసింది. గోడలో అరచేతులంత చిల్లులు రెండు పడ్డాయి. ఆ చేతుల వెనక మట్టిని కెమెరా చూడలేదు, చూడని మట్టిని మనం అతికించకూడదు అంది. తవ్వకాల పెద్దసారుకు ఫోన్ చేసింది. గోడ నిలబెట్టినవాణ్ణి తీసేస్తామా, ఉండనీ అన్నారట.

ఆయన్ని మళ్ళీ పెట్టేసింది.

జూన్ 26

వానలు పడ్డాయి. ఆయన ఫోన్ చేశారు. గోతుల మీద రేకులు వేయాలట, ఇంకో రెండు నెలలట. సరే అన్నాను. సరే అనక ఏమంటాను.

జూన్ 27

కళ్ళద్దాల్లో ఇన్నాళ్ళూ ఆయన వెనకే నిలబడ్డాను. ఈరోజు ఆయనకీ గోడకీ మధ్య దూరాను. ముఖం లేదు. కెమెరా అటు వెళ్ళలేదు. ముందు నుంచి ఆయన ఒట్టి గుల్ల.

గోడవైపు తిరిగి, ఆ గుల్లలోకి ఒక అడుగు వెనక్కి వేశాను. నాకు అటొకటి, ఇటొకటి ఆయన చేతులు.

వరుసలో ఉన్నవాళ్ళు దగ్గేదాకా అలాగే ఉన్నాను.

ఈ పేజీ ఎవరికైనా దొరికితే, మీకు పుణ్యముంటుంది, కాల్చేయండి.