పథ్యం విడిచిన రోజు

జగదల్‌పూర్,
మంగళవారం.

మామయ్యకు,

బాసగూడలో మీ ఫోను కలవడం లేదు. అందుకే జీపు నడిపే ముకేష్ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. తమ్ముడు రాజశేఖర్ ఇక్కడి ఆసుపత్రిలో మిషను మీద ఊపిరి తీస్తున్నాడు.

కామెర్లకు పసరు మందు తాగి ఇరవై రోజులు పథ్యం ఉన్నాడు కదా. ఉప్పు లేని గంజి తేట తప్ప ఏమీ ముట్టలేదు. పథ్యం విడిచిన రోజున అమ్మ కోడికూర, బెల్లం పరమాన్నం వండి, పక్కన కూర్చుని కొసరి కొసరి తినిపించింది. వడ్డించింది నేనే. మూడో రోజుకు వాడు మంచినీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాడు. నాలుగో రోజుకు ఆయాసం మొదలైంది.

మాడిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలోని ఫాస్ఫేటు పడిపోతుందట. అది లేక ఊపిరి తీసే కండరాలు సొమ్మసిల్లుతాయట. రక్తపరీక్షలు చేస్తూ కొంచెం కొంచెంగా పెట్టాల్సిందట. ఇప్పుడు ఆ ఫాస్ఫేటును సెలైన్‌లో ఎక్కిస్తున్నారు గానీ, చాలా ఆలస్యమైందని డాక్టరు నా ఒక్కదానితోనే చెప్పాడు.

అమ్మకు ఇదేమీ తెలియదు. మీరూ చెప్పకండి. వచ్చి ఆమెను ఇంటికి తీసుకెళ్లండి.

పొద్దుటి నుంచీ టిఫిన్ డబ్బా పట్టుకుని తలుపు దగ్గరే కూర్చుంది. నర్సు కనిపించినప్పుడల్లా లేచి, "కడుపు మాడ్చుకున్నడమ్మా, గందుకే బలం లేదు. రెండు ముద్దలు పెట్టనియ్యి, లేస్తడు" అంటోంది.

నర్సుకు తెలుగు రాదు. ఆ మాట హిందీలో చెప్పమని అమ్మ నన్ను అడుగుతోంది.

మీ మేనకోడలు