కారుకు కొత్త షాకబ్జర్లు

ఓబుళమ్మా,

మన పాత కారుకు కదిరిలో కొత్త షాకబ్జర్లు వేయించాను. మనవరాలు సుజాతకు నెలలు నిండాయి. గుంతల్లో ఎగిరెగిరి పడే ఆ కారులో ఆసుపత్రికి రానని మొండికేసింది.

అందుకే నువ్వు బతికున్నప్పుడు కూర్చునే సీట్లో గొంతుదాకా నీళ్లున్న బిందె పెట్టి ఊరంతా తిప్పాను.

“ఏం మామా, తాగనీకే నీళ్లు లేవు, బిందెను ఊరేగిస్తాండావా?” అని కోడలు అరిచింది.

“నీ మాదిరి అరవకుండా కూర్చుండాది, అందుకే తిప్పుతాండా” అన్నాను.

సీటు మీద నాలుగు చుక్కలే పడ్డాయి. సుజాత తడిమి చూసి నవ్వింది.

“ఇంగ నేనెక్కుతా తాతా. ఆడపిల్ల పుడితే అవ్వ పేరే పెడతా.”

పేరు సరే, నీ నోరు మాత్రం రాకూడదని దేవుడికి మొక్కుకున్నాను.

అబద్ధం. ఆ నోరూ రావాలి.