నిండు చెంచా ఎరువు

అక్కా,

పదిమంది ముందు నిన్ను పిసినారి అన్న ఈ నోటిని క్షమించగలవా? నీ ఆర్కిడ్లకు ముందు మంచినీళ్లు పోసి వేళ్లు తడుపుతావు. ఆ తరువాతే చిన్న బకెట్టు నీళ్లలో పావు చెంచా ఎరువు కలిపి పోస్తావు. "కుమ్మరించడానికి ఇది నీ ప్రసంగం కాదురా తమ్ముడూ" అన్నావు. నేను వింటేనా!

మంచం పట్టిన నీ మరదలు పువ్వు చూడాలని ఆశపడుతోంది. త్వరగా పూస్తుందని ఆమె ఆర్కిడ్ మొక్కకు నిండు చెంచా ఎరువు పొడి చల్లాను. ఆకుల కొనలు మాడిపోయాయి, వేళ్లు నల్లబడ్డాయి.

ఇరవై ఏళ్లుగా ఓర్పును నేను బోధిస్తున్నాను, నువ్వు ఆచరిస్తున్నావు. లేఖనాలన్నీ తిరగేశాను, ఈ మొక్కకు ఏం చేయాలో నీ చేతులకే తెలుసు. ఇంకా రెండు వేళ్లు పచ్చగా ఉన్నాయి. రేపనకు, ఉత్తరం తెచ్చిన మనిషి బండిలోనే ఈరోజే బయలుదేరు!