విమానాలు లోపల పెట్టి కుట్టిన బొంత

బమ్రోలి, సూరత్.

సుభాషిణికి,

నీ మొగుడు దేవదాస్ రాస్తున్నాడు. ఇక్కడ నేనూ, మన హిమశ్రీ క్షేమం. నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, ఇజ్రాయెల్‌లో ఉన్న మనిషికి ఆ మాట రాయబోతే పెన్ను ఆగింది. అందుకని ఈ కాగితం నీ చేతికి అందేసరికి నువ్వు కడుపు నిండా తిని ఓ చోట కూర్చుని ఉండాలని రాస్తున్నాను. ఇంతకంటే పెద్ద మాటలు నాకు రావు. ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుందని నీకు తెలుసు.

నీ ఉత్తరం, అక్కడి నుంచి సెలవు మీద వచ్చిన సంగీత తెచ్చిచ్చింది. సెలవు అయిపోయింది, మళ్లీ మీ వీధికే, పనికి వస్తోంది కదా, జవాబు తనతోనే పంపుతున్నాను. "చేతిల ఫోన్ పెట్టుకొని గీ ఉత్తరాలేంది బావా?" అని ఒకటే నవ్వు. "మీ అక్క తిట్లు ఫోన్ల పట్టయి పిల్లా, అందుకే కాగితం మీద పెట్టింది" అన్నాను. నవ్వుకుంటూ పోయింది. నువ్వేం రాశావో తనకు తెలియదు.

నువ్వడిగిన వాటికి చెప్తాను. పిల్ల సన్నబడలేదు. ఆకలి నీ పోలిక, కోపం నీ పోలిక, కాళ్లు మాత్రం నావి. పోయిన ఆదివారం డుమస్ బీచికి తీసుకుపోతే నా వాటా టమాటా భజియాలు కూడా తినేసింది. నా మోకాలి నొప్పి మోకాల్లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. వీడియోలో నీ కళ్లలోకి చూడకుండా నోటి దిక్కే చూస్తానని రాశావు. నీ మూతి కింద పుట్టుమచ్చ ఉంది, అక్కడి వాళ్లెవరైనా ఎత్తుకుపోయారేమోనని చూసుకుంటున్నాను, సరేనా.

పని సంగతి. నన్ను లూమ్ మీది నుంచి తీసి, ప్రింటింగ్ మిల్లులో చీరల మడతకు పెట్టారు. కూర్చుని చేసే పని. ప్రమోషన్ అని వీధంతా చాటింపు వేశాను. మన పక్కింటి మల్లేష్ నమ్మి, మిఠాయి ఏదని వెంటపడ్డాడు. పేడాల డబ్బాలో బట్టల సబ్బు గుండ్రంగా కోసి పెట్టి ఇచ్చాను. పిస్తా చల్లాను కూడా. ఒకటి పూర్తిగా నమిలాడు. "నీ పాడుగాను! నురుగొస్తుందిరా దేవదాసూ!" అని వాడు గెంతుతుంటే వాడకట్టంతా పడీ పడీ నవ్వింది. నేనూ నోరు తెరిచి నవ్వాను. లోపల ఏమీ కదలలేదు. ఈ మధ్య అంతే. నవ్వు నోటి దగ్గర పుట్టి నోటి దగ్గరే పోతోంది.

మిల్లులో ఇప్పుడు యుద్ధం చీరలు నడుస్తున్నాయి. లోకంలో ఎక్కడ ఏం జరిగినా మన సూరత్‌లో అది చీర మీదికి ఎక్కుతుందని నీకు తెలిసిందే. కొంగు మీద విమానాలు, కుచ్చిళ్ల నిండా క్షిపణులు. పెళ్లికి కట్టుకుంటారో, పేరంటానికి కట్టుకుంటారో నాకు తెలియదు, మా షేఠ్‌కూ తెలియదు, అమ్ముడైతే పోతున్నాయి. మొదట్లో ఒక్కో విమానం మడతపెడుతుంటే నువ్వు గుర్తొచ్చేదానివి. కొన్నాళ్లకు బట్ట మాత్రమే గుర్తొచ్చింది. తిట్టుకో. ఉన్న మాట రాస్తున్నాను.

రంగు పారినవి, అచ్చు జరిగినవి చిందీ అని, పనికిరాని గుడ్డల కింద లెక్కేసి మూల పడేస్తారు. ఆ పీలికలు నేను సంచిలో తెస్తుండేవాణ్ని. అప్పుడే పిల్లకు కాలేజీలో యుద్ధం మీద గుడ్డపని ఏదైనా చెయ్యమన్నారట. డిజైన్ చదువు కదా, బట్టతోనే చెప్పాలట. నేను తెచ్చిన పీలికల్లోంచి విమానాలు కత్తిరించి నేలంతా పరిచింది.

"ఏంది బిడ్డా ఇది?"

"యుద్ధం, బాపూ."

"విమానాలు షేఠ్ అచ్చేసిండు గదా. మళ్ల నువ్వెందుకు కష్టపడుడు? మీ అమ్మ ఆడ ఇయ్యాల ఏం తిన్నది?"

"సగం ఉడికిన అన్నం. సైరన్‌కు స్టవ్ బంద్ చేసి కిందికి దిగిందట."

"మరి గది కుట్టు."

అట్లా మొదలైంది. నీ పాత నీలం నేత చీర పైన పరిచాం. అడుగున నా లుంగీలు. మధ్యలో పొరకు ఏం పెట్టాలంటే ఆ విమానాలే ఉన్నాయి. అన్నీ లోపల కూరి, మా అమ్మ ఐలమ్మ బొంత కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లు వేశాను. పైకి ఒక్క విమానం కనబడదు. కప్పుకుంటే బరువు మాత్రం తెలుస్తుంది.

పైన గళ్లు గళ్లుగా నీ రోజులు కుట్టాం. సగం ఉడికిన అన్నం గిన్నె ఒక గడి. నువ్వు చూసుకునే ముసలమ్మ పళ్ల సెట్టు, గ్లాసు నీళ్లలో నవ్వుతున్నట్టు, అది నా చేతిపని. మీ మేడ మెట్లు. ఆ మెట్ల కింద మీరు దాక్కునే గది ముందు చెప్పులు, ఒక జత కూడా సరిగ్గా కలవదు, ఎవరిది ఎవరు తొడుక్కుని దిగారో తెలియదన్నావు కదా. సరిహద్దుకు అవతలి వైపు ఆడవాళ్లకు దిగడానికి మెట్లు కూడా లేవట అని ఒకసారి నువ్వన్నావు. దానికి పిల్ల ఒక గిన్నె కుట్టింది, చుట్టూ ఇల్లు కుట్టలేదు. సైరన్‌కు ఒక గడి వదిలింది. "అది నువ్వు కుట్టు బాపూ" అంది. దారం అయిపోయిందన్నాను. తెచ్చి ఇచ్చింది. సూది విరిగిందన్నాను. చివరికి అది ఖాళీగానే ఉండిపోయింది.

కాలేజీలో గోడకు వేలాడదీశారు. బాగా చదువుకున్నవాళ్లు, మిల్లుల వాళ్లు, చాలామంది వచ్చారు. ఊరికే నిలబడితే నేను దేవదాసునెట్లా అవుతాను? తలుపు దగ్గర చేతులు కట్టుకుని, మొహం గట్టిగా పెట్టి, "జూతే బాహర్ ఉతారో జీ" అన్నాను, చెప్పులు బయటే విప్పమని. ఎవరూ ఎందుకని అడగలేదు. హిమ వాళ్ల మేడమ్ కూడా ఎత్తు చెప్పులు విప్పేసింది. లోపల అందరూ వట్టి కాళ్లతో, బయట చెప్పులన్నీ గజిబిజిగా. బయటికొచ్చేటప్పుడు ఎవరి చెప్పులు వాళ్లకు దొరక్క తిప్పలు పడుతుంటే చూసి నవ్వుదామని నా ఎత్తు. ఆ కుప్ప చూశాక నవ్వు రాలేదు. బొంత మీద కుట్టింది అదే కదా. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఏడుపూ రాలేదు.

అందరూ ఆ ఖాళీ గడి దగ్గరే ఆగారు. మేడమ్ అడిగింది, ఎందుకు వదిలేశారని. "కూలీ చాల్లేదు మేడమ్" అన్నాను. పిల్ల నన్ను ఒక చూపు చూసింది. నీ చూపే.

ఇక నీ ఉత్తరం చివరికి వస్తాను. ఇందాకటి నుంచి దాని చుట్టూ తిరుగుతున్నానని నీకు తెలుసు.

నువ్వు రాసిన మాట మళ్లీ ఇక్కడ రాస్తున్నాను. "సైరన్ మోగుతుంటే ఫోన్ కింద పెట్టి ముసలమ్మను లేపుతున్న. నువ్వు అవతల నవ్వుతున్నవు. పండ్ల సెట్టు దొరికిందా అని పరాచికాలాడుతున్నవు. అంత మోత నీకు పరాచికమా? నా ఒప్పందం దీపావళికి అయిపోతది. ఇంకో రెండేండ్లు ఉండమంటవా, రమ్మంటవా, ఒక్క మాట చెప్పు. నవ్వకుండ చెప్పు."

సుభా, నాకు సైరన్ వినబడలేదు.

ఆ రోజే కాదు. సంవత్సరం పైనే అయింది. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో ఎక్కడో దూరంగా గుడ్డ చింపినట్టు ఉంటుంది. ఇన్నేళ్లు లూమ్‌ల మధ్య నిలబడ్డ చెవులు, ఇంకేముంటుంది. పోగు తెగితే లూమ్ చప్పుడు మారుతుంది, నేతగాడు చూడక్కర్లేదు, చెవికి తెలుస్తుంది. నాకు తెలియలేదు. తాన్లకు తాన్లు బట్ట పాడైంది. అందుకే మడతలో కూర్చోబెట్టారు. ప్రమోషన్ అంటే అది.

లూమ్ ఖాతా షెడ్డులో మేం నోటితో మాట్లాడుకోం, పెదవులు చూసి మాట్లాడుకుంటాం. నువ్వు అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఆ మోతలో గొంతు లేకుండా తిట్టిన తిట్లు ఒక్కటి పోకుండా చదివేవాణ్ని. ఫోన్‌లో కూడా అదే చేస్తున్నాను. పుట్టుమచ్చ కోసం కాదు. ఆ రోజు నువ్వు ఫోన్ కింద పెట్టగానే నాకు కనబడింది మీ ఇంటి తెల్ల కప్పు. నువ్వు లేవు. నీ పెదవులు లేవు. ముసలమ్మ పళ్లు వెతకడానికి పోయావనుకున్నాను. ఆ తెల్ల కప్పును చూస్తూ నవ్వాను. నువ్వు వచ్చి ఒక్కసారి నా దిక్కు చూసి ఫోన్ కట్ చేశావు. నా మీద ఎందుకు అలిగావో నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు.

చదివాక హిమను అడిగాను. "బిడ్డా, సైరన్ ఎట్ల మోగుతది?"

ఫోన్‌లో వార్తల నుంచి ఒకటి వెతికి, సౌండంతా పెంచి పెట్టింది. నేను కూర్చునే ఉన్నాను. ఇంకా పెట్టలేదేమో అనుకున్నాను. ఎదురు మేడ మీది వాళ్లు బాల్కనీల్లోకి వచ్చారు. మల్లేష్ సగం గడ్డం గీసుకుని నురుగుతో పరుగెత్తుకొచ్చాడు. కుక్కలు నోళ్లు తెరుస్తున్నాయి. అప్పుడు పిల్ల నా మొహం చూసింది. తనకు కొంచెం తెలుసు, ఇంతని తెలియదు. ఫోన్ తెచ్చి నా అరచేతిలో పెట్టి, పైన తన చెయ్యి పెట్టి అదిమింది. చెయ్యంతా వణికింది. పైకి లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. పొట్ట దాకా వచ్చింది.

"గిదేనా?" అన్నాను.

తల ఊపింది.

"ఇది మోగుతుంటేనా నేను నవ్వింది?"

నా చెయ్యి వదల్లేదు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే చెవిటోడి మీద జాలితో వస్తావనుకున్నాను. చెప్పకపోతే నాకు పట్టదని అక్కడే ఉండిపోతావని తట్టలేదు. పరాచికాలాడుతున్నంత సేపు నన్నెవరూ ఏమీ అడగరు, సుభా. వినబడుతోందా అని కూడా అడగరు. అదొక్కటే దానివల్ల లాభం.

బొంత నీకు పంపుదామని పిల్ల, తీసుకుపోతానని సంగీత. నేను ఇవ్వనన్నాను. ఆ ఖాళీ గడి ఇప్పుడు కుట్టొచ్చు, చేతికి తెలిసింది కదా. కుట్టను. విన్నదానివి నువ్వు, నువ్వే కుట్టు. బొంత మన మంచం మీద మడతపెట్టి ఉంది. కప్పుకోవాలంటే ఇక్కడికే రావాలి.

రా. నవ్వకుండా రాస్తున్నాను. దీపావళికి రా.

అప్పటిదాకా సైరన్ మోగితే నా సంగతి వదిలేయ్. ముసలమ్మను పట్టుకుని మెట్లు దిగు, ఎవరి చెప్పులైనా తొడుక్కో. కింద కూర్చున్నాక ఫోన్ చెయ్యి. మొహానికి ఎదురుగా పట్టుకో, కప్పు చూపించకు. గొంతు పెంచకు, పక్కన పిల్లలు నిద్రపోతుంటారు. పెదవులు కదిలిస్తే చాలు. తిట్లయినా సరే, నేను చదువుకుంటాను.

ఇట్లు,
నీ తిట్లు ఒక్కటి పోనివ్వని
నీ పెనిమిటి,
హిమ బాపు.