సీసం ఎక్కడికి పోయింది?

మంగళవారం, తాడేపల్లిగూడెం

కాల్చిన ఊక నీళ్లలోని సీసాన్ని మాయం చేసిందని నిన్న ఇక్కడ రాశాను. తప్పు. సీసం మాయం కాలేదు, ఊకకు పట్టుకుంది. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఆపాటి తెలిసుండాల్సింది.

మనవరాలు నిస్సీ తన పీహెచ్‌డీ కోసం కొల్లేటి కాలువ నీళ్లను ఆ ఊకతో వడగట్టి, మిగిలిన నల్లటి ముద్దను డబ్బాలో వేసి పెరట్లో పెట్టింది. ఊకబూడిద కనబడితే నా చెయ్యి ఊరుకుంటుందా? పొద్దున్నే గిన్నెలన్నీ తోమేశాను. నిస్సీ పాప పాలగిన్నె కూడా.

"అమ్మమ్మా, ఇక్కడి ఊక ఏమైందండీ?"

"గిన్నెలు ఎలా మెరుస్తున్నాయో చూడవే!"

దాని ముఖం పాలిపోయింది. "లెక్చరర్ గారూ, సీసం ఎక్కడికి పోయిందనుకున్నారు?"

అదృష్టం, పాప అప్పటికింకా పాలు తాగలేదు. కాచిన పాలు పారబోశాం. బాగా కడిగారు కదా, గిన్నెలకేమీ అంటుకొని ఉండదులెండి అంది నిస్సీ. అలా అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

రేపు పాపకు కొత్త పాలగిన్నె కొనాలి. తోమిన నీళ్లు పడిన బచ్చలిపాదును మట్టితో సహా పీకి సంచిలో కట్టి, నిస్సీతో ల్యాబుకి పంపాలి. ఊక డబ్బా మీద 'విషం' అని చీటీ అంటించాలి, పెద్ద అక్షరాలతో, చదువుకున్నవాళ్లకు కూడా కనబడేలా.