రక్షిత సైకిల్‌కు తోలు సీటు, ఇంకా మిగతా ఆస్తి

నమస్తే అప్పా ఆదినారాయణప్పా. ముందు నన్ను క్షమించు. దసరాకు ముందు నీ కూతురు రక్షిత గురించి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌కు ఇవాళ జవాబు రాస్తున్నాను. "రక్షితకు మోజు తీరిపోయిండాదప్పా. ఆ రేసు సైకిలు నువ్వే తీస్కపోయి యాడన్నా అమ్మేయ్" అన్నావు. విన్నాను. మళ్లీ విన్నాను. జవాబు ఇవ్వకపోవడానికి ఒక కారణం ఉంది, అది ఏడో అంశంలో వస్తుంది. ముందే అక్కడికి దూకొద్దు, వరసగా చదువు.

ఈలోగా ఇది రాయడానికి నా గుండె ఇంకో కారణం తెచ్చిపెట్టింది. వచ్చే బుధవారం బెంగళూరులో ఆపరేషన్. నా కూతురు ఏంజెలిన్ అక్కడే నర్సు కాబట్టి అన్నీ అదే చూసుకుంటోంది. భయపడాల్సిన పని లేదని డాక్టరు చెప్పాడు. చెప్పి, ఒక కట్ట కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఆ కట్ట చూశాకే నాకు వీలునామా ఆలోచన వచ్చింది. లాయరు చంద్రికమ్మ నమూనా ఒకటి ఇచ్చింది. అందులో ఇల్లు, పొలం, బంగారం అని గళ్లున్నాయి గానీ మన సంగతులేవీ పట్టేలా లేవు. అందుకే అంగట్లో కూర్చుని ఫోన్లో నేనే టైపు చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. దీన్ని అమలు చేయాల్సినవాడివి నువ్వే కాబట్టి నిన్ను ఉద్దేశించే రాస్తున్నాను.

ఇక అసలు వీలునామా.

కోరమండల్ బంగారు గని కూలీల ఇళ్ల లైన్లలో పుట్టి, ప్రస్తుతం కె.జి.ఎఫ్. ఆండర్సన్‌పేటలో సైకిల్ అంగడి నడుపుతున్న, కీర్తిశేషులు చిన్నప్ప గారి పెద్దకొడుకు సెల్విన్ అను నేను, పూర్తి తెలివితో, నిలకడైన మనసుతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టప్రకారం రాయించుకున్న, కాదు, రాసుకున్న మరణశాసనం ఇది. బలవంతం ఏదన్నా ఉందంటే అది అన్నానికి లేవమని నా భార్య మార్గరెట్ లోపలినుంచి చేస్తున్నదే. దీనికి ముందు నేను వేరే ఏ వీలునామా రాయలేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కామసముద్రంలో పాడి, రాగి సేద్యం చేసుకుంటున్న నా స్నేహితుడు ఆదినారాయణప్పకు అప్పగిస్తున్నాను. నీ పని కష్టమేమీ కాదు. మా తమ్ముడు నెల్సన్, నా భార్య మార్గరెట్ ఒకరి మాట మీద ఒకరు అరుస్తున్నప్పుడు మధ్యలో కూర్చుని కాఫీ తాగడమే. నువ్వు కాఫీని ఊది ఊది తాగుతావు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి వాళ్లే అలిసిపోతారు.

2. 'మార్గరెట్ సైకిల్ మార్ట్' అనే నా అంగడి, అందులోని టైర్లు, ట్యూబులు, చైన్లు, వేలాడేవి, మూలన పడినవి, సమస్తం నా భార్య మార్గరెట్‌కు చెందాలి. బోర్డు రాయించిన రోజునుంచే అంగడి తనదని ఆమె చెబుతూ వచ్చింది. ఇప్పుడు కాగితం కూడా ఆమె పక్షానికి వచ్చింది. అమ్ముకున్నా, నడుపుకున్నా ఎవరూ అడ్డురాకూడదు. నడిపితే బాగా నడుపుతుంది. బేరం దగ్గర నాకున్న మొహమాటం ఆమెకు లేదు.

3. నా స్పానర్ల పెట్టె ఏంజెలిన్‌కు. బెంగళూరులో ఆ పిల్లకు సైకిల్ లేదు, కానీ చిన్నప్పుడు నా మంచి స్క్రూడ్రైవర్‌తో పెయింట్ డబ్బాల మూతలు తెరిచి మొన పాడుచేసింది. ఆ స్క్రూడ్రైవర్ కూడా అందులోనే ఉంది. ఎప్పుడూ పారేయలేదని తెలియాలి.

4. మా నాన్న తోలు సీటు మా తమ్ముడు నెల్సన్‌కు.

ఇది కాస్త వివరంగా రాయాలి. నాన్న ఆ సీటు మీదే లైన్లనుంచి గని షాఫ్ట్‌కు వెళ్లి వచ్చేవాడు. ఆయన పోయాక అది నాకంటే నాకని నేనూ నెల్సనూ తగువు పడ్డాం. వాడు వచ్చి విప్పుకుపోయాడు. నేను వాడి ఇంటికెళ్లి విప్పుకొచ్చాను. క్రిస్మస్‌కు ఒకే బెంచీలో కూర్చుని మొహాలు చూసుకోకుండా పాటలు పాడాం. అమ్మ మాత్రం, "ఒరే, ఆయన కూర్చున్నట్ల మీరు కూర్చోగలరా? యాల కొట్లాడతారు?" అనేది. మాకు అర్థం కాలేదు. చివరికి ఇద్దరమూ మా మా సైకిళ్లకు బిగించి తొక్కి చూశాం. నాకు ఎడమ తుంటి పట్టేసింది. వాడికీ ఎడమ తుంటే. అప్పుడు సీటును తిప్పి వెలుగులో చూశాను. తోలు ఎడమవైపు ఎక్కువగా దిగి ఉంది. గనిలో ఒకసారి రాయి పడి నాన్న కాలికి దెబ్బ తగిలిందని తెలుసు, కానీ అప్పటినుంచీ ఆయన ఒకవైపు ఒరిగి తొక్కేవాడని ఇద్దరు కొడుకులం ఎప్పుడూ గమనించలేదు. సీటు గమనించింది.

కాబట్టి నెల్సనూ, ఇది నీకే. సైకిల్‌కు బిగించకు. చేతిలో పట్టుకుని అప్పుడప్పుడు చూసుకో.

5. నా అంగడి వెనక గదిలో గోనెసంచి కప్పి ఉన్న పాలసైకిల్ ఆదినారాయణప్పకు.

అవునప్పా, నీదే. మోపెడ్ కొన్నరోజు దాన్ని నా దగ్గర వదిలి, "ఇంగ దీన్ని పాత ఇనుముకు ఏసెయ్" అని తిరిగి చూడకుండా పోయావు. వేయలేదు. ఏటేటా చైన్‌కు నూనె పెడుతున్నాను. దాని తోలు సీటు నీకు గుర్తుందా? బిగించిన కొత్తలో పాలు పోసి వెళ్లేటప్పుడు రోజూ అంగడి ముందు దిగి నన్ను తిట్టేవాడివి. "ఏమప్పా సెల్విన్, ఇది సీటా, బండరాయా?" నేను ఓపిక పట్టమనేవాణ్ణి. లక్ష్మీదేవమ్మ వదిన నీ బాధ చూడలేక దానికి పట్టుగా వెన్న రాసింది. వరండాలో పెట్టారు. ఎలుకలు వచ్చి ఒక మూల కొరికి పోయాయి. ఆ ఎలుకలనూ నా ఖాతాలోనే వేశావు.

తర్వాత ఏమైంది? తోలు నీకు లొంగింది. సొంత బావమరిది ఎక్కబోతే, "దిగు దిగు, నా సీటు చెడిపోతాది" అని నడిరోడ్డు మీద దించేశావు. ఇప్పుడు అందులో నీ ఆకారం అట్లే ఉంది, ఎలుక పళ్ల గుర్తులతో సహా. నేను ఒకసారి కూర్చుని చూశాను. వేరేవాళ్ల చెప్పుల్లో కాళ్లు పెట్టినట్టుంది. దాన్ని ఎవరికి అమ్మగలను చెప్పు? నీ సైకిల్ నువ్వే తీసుకుపో. ఇద్దరం తొక్కుకుంటూ ఆవని కొండ దాకా వెళ్దామని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాం. నాకు కుదరకపోతే నువ్వొక్కడివే వెళ్లి రా.

6. రిపేరుకు వచ్చి అంగట్లో ఉన్న సైకిళ్లు వాటి సొంతదార్లకు బాగుచేసి ఇవ్వాలి. కోరమండల్ పాస్టరు గారి సైకిల్ బ్రేకుకు నెల్సన్ చేయి తగలనివ్వొద్దు. ఆయన వచ్చేది దిగుడు దారిలో. పైన చెప్పని ఆస్తి ఏదైనా మిగిలితే అదంతా మార్గరెట్‌కే.

7. ఇప్పుడు నీ మెసేజ్‌కు జవాబు.

రక్షితకు మోజు తీరలేదు.

ఇది నీకు రాయడానికి మార్గరెట్ నీ కూతుర్ని అడిగి ఒప్పించింది. ఆ పిల్ల ఒకటే షరతు పెట్టింది. "రాయండి ఆంటీ. నాన్న చదవనీ. నోటితో మాత్రం నన్నేమీ అడగకూడదు." కాబట్టి ఇది చదివి గమ్మున ఉండు. వదినకూ చదివి వినిపించు, ఆమె కూడా గమ్మున ఉండాలి.

ఆ పిల్ల సైకిల్ దిగింది నొప్పికి. రేసు సైకిల్ మీద ముందుకు వంగి గంటలకొద్దీ తొక్కాలి. దానితో వచ్చిన సీటు సన్నం, మగపిల్లల కొలత. నొప్పి అని మొదట్లో ఒకసారి అన్నది కదా, అప్పుడు మనమంతా ఏం చేశాం? నేను జెల్ కవరు తొడిగాను. దాని మీద వదిన టవల్ మడిచి కట్టింది. నువ్వు స్పాంజి తెచ్చావు. మెత్తగా ఉంటే సుఖం అనేది మన లెక్క. స్పాంజి మీద కూర్చుంటే ఎముకలు అడుగుకు దిగిపోతాయి, బరువంతా నడుమ లేత చోట పడుతుంది, ఒరుసుకుని పుండు పడుతుంది. ఆడపిల్ల ఆ చోటు పేరు నీకెట్లా చెబుతుంది, నాకెట్లా చెబుతుంది? మార్గరెట్‌తో చెప్పింది. "ఆంటీ, బేతమంగళం దాటేతలికి కూర్చోలేకుండాను. నిలబడే తొక్కుతా ఉండాను. మోజు పోయిందనే అనుకోనీ నాన్న. ఈ మాట చెప్పేదానికన్నా అదే మేలు."

ఇది విని మార్గరెట్ నా మీద అరిచింది. "ఇన్నేండ్లుగా సీట్లు అమ్ముతా ఉండావు, కూర్చునేది ఎవరని ఒక్కనాడన్నా కొలిచినావా?" అంది. వెంటనే పళ్లెంలో రాగిపిండి మందంగా పరిచి, చేత్తో చదును చేసి, పైన పలచటి గుడ్డ వేసి, అంగడి తెర వెనక రక్షితను కొంచెం ముందుకు వంగి కూర్చోబెట్టింది. నన్ను ఆ దరికే రానివ్వలేదు. పిల్ల లేచాక పిండిలో రెండు గుంతలు. కూర్చునే ఎముకలవి. వాటి మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, గోరు పెట్టి పట్టుకుని ఆ టేపే నా చేతికిచ్చింది. ఆ పిల్ల సైకిల్‌కు ఉన్న సీటు వెడల్పు ఆ రెండు గుంతల లోపలే అయిపోతుంది. రెండు ఎముకలూ అంచు మీద వేలాడుతున్నాయి, పాపం. (పిండి కోళ్లకు వేశానని మార్గరెట్ ప్రమాణం చేసింది. ఆ రోజు మా ఇంట్లో రాగిముద్దే, నేనేమీ అడగలేదు.)

ఆ కొలతకు సరిపడే తోలు సీటు, వెనక వెడల్పు, నడుమ చీలిక ఉన్నది, బెంగళూరు హోల్‌సేల్ వాళ్ల దగ్గర దొరకలేదు. మగవాళ్ల కొలతలే చూపించి, "ఇదే పెట్టండి సార్, అడ్జస్ట్ అవుతారు" అన్నారు. అడ్జస్ట్ అయ్యేదేదో ఇప్పటిదాకా అయ్యింది ఆ పిల్లే. ఆర్డరు పెట్టించి ఎదురుచూశాను. నీకు జవాబు ఆలస్యం కావడానికి ఇదే కారణం. మొన్న వచ్చింది. నా ముందే బల్ల మీద ఉంది. గోటితో తడితే డోలు మాదిరి మోగుతుంది.

నా తరపున ఈ సీటు రక్షితకు. దానితోపాటు ఈ జాగ్రత్తలు:

కొత్తలో గట్టిగానే ఉంటుంది. ఎముకల కింద నొస్తే పరవాలేదు, అది తగ్గుతుంది. నడుమ నొస్తే సీటు తప్పు. ఆపి మార్గరెట్‌కు చెప్పాలి. మళ్లీ పుండు పడితే మానేదాకా అసలు ఎక్కకూడదు. మొదట ఊరి చుట్టూ చిన్న చిన్న తొక్కుళ్లు, తర్వాత కొద్దికొద్దిగా దూరం. సీటు ముక్కు, అంటే ముందు కొన, ఎత్తకుండా, దించకుండా సమంగా ఉండాలి. ముక్కు కింద తోలును బిగించే బోల్టును నెల్సన్ సరదాకు తిప్పుతాడు, తిప్పనివ్వొద్దు. డబ్బాలో మైనం ఇస్తున్నాను, అది పలచగా రాస్తే చాలు. వదినా, వెన్న వద్దమ్మా, ఆముదమూ వద్దు, ఎక్కువ నూనె తాగితే తోలు సాగి ఉయ్యాలలాగా కుంగిపోతుంది. వానలో ప్లాస్టిక్ కవరు తొడగాలి. తడిసిన సీటు ఆరేదాకా ఎక్కకూడదు. ఇంకెవరూ దాని మీద కూర్చోకూడదు, మెత్తబడిందా లేదా చూస్తానని నువ్వు కూడా.

ఫిబ్రవరిలో జిల్లా సెలెక్షన్. ఈ తోలు ఆ పిల్లకు లొంగడానికి అప్పటిదాకా సమయం పడుతుంది. అదీ ఇప్పుడే మొదలుపెడితేనే.

చంద్రికమ్మకు ఇది చూపిస్తే నవ్వింది. "అంకుల్, వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది. బతికుండగా ఇచ్చేది దానం. ఇది వేరేగా రాయాలి" అంది. వేరేగా రాయనమ్మా, ఇక్కడే ఉండనీ అన్నాను. పై ఆరు అంశాలూ నేను పోయేదాకా ఆగొచ్చు, ఎంత ఆలస్యమైతే అంత మంచిది. ఈ ఏడోది ఆగదు. నాన్న సీటు నాకు పనికిరాలేదు, నీ సీటు నాకు పనికిరాలేదు. మెత్తబరిచిన సీటు ఎవరూ ఎవరికీ రాసివ్వలేరు. గట్టిది ఇచ్చి, తొక్కమ్మా అనాలి, అంతే.

దీన్ని నా చేత్తోనే బిగించాలని ఉంది. ఎత్తు ఎంత, వెనక్కి ఎంత జరపాలి అనేది ఆ పిల్ల ఎక్కి తొక్కుతుంటే పక్కన నిలబడి చూడాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు స్పానర్ కూడా పట్టకూడదట. నా ఛాతీ ఎముక అతుక్కునే లోపల ఆ తోలు కూడా దారికొస్తుందని ఏంజెలిన్ ఫోన్లో అంటోంది. వస్తే ఆవనికి ముగ్గురం పోదాం.

సైకిల్ అమ్మే మాట ఫిబ్రవరి అయ్యాక అడుగు. నేనుంటే నేను, లేకపోతే మార్గరెట్ జవాబిస్తుంది. నేనైతే మర్యాదగా చెబుతాను.

మంగళవారం పొద్దున్నే బెంగళూరుకు బయల్దేరుతున్నాం. రాగి కోతలని చెప్పొద్దు, పాలబండిలో సైకిల్ వేసుకుని పిల్లను తీసుకుని రా. రేపు వస్తావా, ఆదివారం ప్రార్థన అయ్యాక వస్తావా? అంగడి తెరిచే ఉంటుంది. ఎప్పుడొస్తావప్పా?

తేదీ: 7 నవంబరు 2025, శుక్రవారం
స్థలం: ఆండర్సన్‌పేట, కె.జి.ఎఫ్.

(సంతకం) సి. సెల్విన్

ఆస్తి పొందేవాళ్లు సాక్షులుగా ఉండకూడదని లాయరు చెప్పింది కాబట్టి మార్గరెట్ వెనకనుంచి చదివింది గానీ సంతకం పెట్టలేదు. సెల్విన్ మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా చూసి, ఆయన ఎదుటే సంతకం చేసిన సాక్షులు:

1. మోహన్‌కుమార్, టైలరు, పక్క అంగడి (టేపు నాదే, ఇంకా తిరిగి ఇవ్వలేదు)
2. ఈశ్వరప్ప, రిటైర్డ్ పోస్ట్‌మన్, ఆండర్సన్‌పేట